మ్యూజియంలో కాంకార్డ్: చూడబోయేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ధ్వనికన్నా వేగంగా (సూపర్‌సోనిక్) ప్రయాణికుల్ని మోసిన విమానం కాంకార్డ్. అది ఆఖరిసారి ఎగిరింది 2003 నవంబరు 26న. ఆ తర్వాత దాన్ని చూడాలంటే మ్యూజియమే దిక్కు. దాని కింద నిలబడి తల పైకెత్తినవాళ్ల సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ముక్కు ఎందుకు వంగుతుంది, కిటికీలు ఎందుకంత చిన్నవి, ఇంత బాగున్న విమానాన్ని మళ్లీ ఎగరేయొచ్చు కదా అని. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. టికెట్ ధరలు, తెరిచే వేళలు మారుతూ ఉంటాయి కనుక వాటి జోలికి పోలేదు. బయల్దేరే ముందు ఆయా మ్యూజియాల వెబ్‌సైట్లలో చూసుకోండి.

మొత్తం ఎన్ని కాంకార్డ్‌లు తయారయ్యాయి? ఎన్ని మిగిలాయి?

బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి 20 తయారుచేశాయి. వాటిలో రెండు తొలి నమూనాలు, రెండు ఉత్పత్తికి ముందు పరీక్షల కోసం కట్టినవి, మిగతా 16 ఉత్పత్తి విమానాలు. ఆ పదహారులో ప్రయాణికుల్ని మోసినవి 14. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏడు నడిపింది, ఎయిర్ ఫ్రాన్స్ ఏడు నడిపింది.

ఇప్పుడు 18 ఉన్నాయి. ఎఫ్-బీటీఎస్‌సీ అనే రిజిస్ట్రేషన్ నంబరున్న విమానం 2000 జూలై 25న పారిస్ దగ్గర గోనెస్‌లో కూలిపోయింది. ఎఫ్-బీవీఎఫ్‌డీని 1982లోనే పక్కన పెట్టి, విడిభాగాల కోసం వాడుకుని, 1994లో ముక్కలు చేశారు. వాడకుండా నిలిపి ఉంచిన విమానాన్ని తుప్పు ఏం చేస్తుందో తెలియాలంటే దాని చరిత్రే చాలు.

ఏవి ఎక్కడున్నాయి?

బ్రిటన్‌లో ఏడున్నాయి. బ్రిస్టల్ దగ్గర ఫిల్టన్‌లోని ఏరోస్పేస్ బ్రిస్టల్‌లో జి-బీఓఏఎఫ్ ఉంది. అన్ని కాంకార్డ్‌లలోకీ ఆఖరున ఎగిరింది ఇదే. మాంచెస్టర్ విమానాశ్రయం పక్కన జి-బీఓఏసీ, లండన్‌కి నైరుతిగా వేబ్రిడ్జ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో జి-బీబీడీజీ, కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లో జి-ఏఎక్స్‌డీఎన్, యోవిల్టన్‌లో బ్రిటిష్ తొలి నమూనా 002, స్కాట్లాండ్‌లో ఈస్ట్ ఫార్చూన్‌లో జి-బీఓఏఏ. ఏడోది జి-బీఓఏబీ, హీత్రో విమానాశ్రయంలోనే ఆరుబయట ఉంది. సందర్శకులకు ప్రవేశం లేదు. హీత్రో మీదుగా వెళ్లేవారికి రన్‌వే వైపు కదిలేటప్పుడు కిటికీలోంచి కనిపించే అవకాశం మాత్రం ఉంది.

ఫ్రాన్స్‌లో ఆరు. పారిస్ శివార్లలో లె బూర్జే మ్యూజియంలో రెండు, టూలూజ్‌లోని ఏరోస్కోపియాలో రెండు, ఓర్లీ విమానాశ్రయం పక్కన ఒకటి, చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో దిమ్మెల మీద ఎత్తి నిలిపినది ఒకటి.

అమెరికాలో మూడు. న్యూయార్క్‌లో ఇంట్రెపిడ్ మ్యూజియం, వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయం పక్కన స్మిత్‌సోనియన్ వారి ఉద్వర్-హేజీ కేంద్రం, సియాటిల్‌లో మ్యూజియం ఆఫ్ ఫ్లైట్. ఇవి కాక జర్మనీలో జిన్స్‌హైమ్‌లో ఒకటి, బార్బడోస్‌లో ఒకటి.

అన్నిచోట్లా లోపలికి ఎక్కనిస్తారా?

లేదు. దూరం నుంచి వచ్చినవాళ్లు నిరాశపడేది ఎక్కువగా ఇక్కడే. ఉద్వర్-హేజీలో ఎఫ్-బీవీఎఫ్ఏని బయటి నుంచే చూడాలి. వర్జీనియాలో ఉన్న తెలుగువాళ్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ఈ సంగతి ముందే చెప్పండి. ప్రవేశం ఉచితమే, కారు పార్కింగుకి మాత్రం డబ్బు కట్టాలి. సియాటిల్‌లో జి-బీఓఏజీ లోపలికి నడిచి వెళ్లొచ్చు. న్యూయార్క్, మాంచెస్టర్‌లలో లోపలికి వెళ్లాలంటే గైడుతో కూడిన టూర్ విడిగా బుక్ చేసుకోవాలి. డక్స్‌ఫర్డ్, బ్రిస్టల్, లె బూర్జే, జిన్స్‌హైమ్‌లలో లోపలికి వెళ్లొచ్చు. టూలూజ్‌లో ఉన్న రెండింటిలో ఎఫ్-డబ్ల్యూటీఎస్‌బీ లోపలికి వెళ్లొచ్చు.

కాక్‌పిట్ సంగతి వేరు. లోపలికి ఎక్కనిచ్చే చాలాచోట్ల కూడా కాక్‌పిట్‌ను తలుపు దగ్గర అద్దం వెనక నుంచే చూపిస్తారు. అందులో వందలకొద్దీ స్విచ్‌లు ఉంటాయి. ప్రతి సందర్శకుడూ ఒక్కటి నొక్కి చూసినా ఏడాదిలో సగం విరిగిపోతాయి.

లోపల అంత ఇరుకేమిటి? ఇది విలాసవంతమైన విమానం కాదా?

ఖరీదు టికెట్‌ది, భోజనానిది, ఆదా అయిన సమయానిది. విశాలం ఎన్నడూ లేదు. క్యాబిన్ వెడల్పు 2.63 మీటర్లు, నడవాలో ఎత్తు 1.96 మీటర్లు. అటు రెండు, ఇటు రెండు సీట్లు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో వంద మంది కూర్చునేవారు. ధ్వనివేగానికి రెట్టింపు వేగంతో పోవాలంటే శరీరం సన్నగా, పొడవుగా ఉండాలి. లావు పెరిగేకొద్దీ గాలి నిరోధం విపరీతంగా పెరుగుతుంది. అందుకే 62 మీటర్ల పొడవున్న విమానంలో కూడా ఆరడుగుల మనిషి చూసుకుని నడవాలి.

ముందు గోడ మీద వేగం చూపించే బోర్డు ఎక్కడుందో వెతకండి. మాక్ సంఖ్య (వేగం ధ్వనివేగానికి ఎన్ని రెట్లో చెప్పేది) 1 దాటడం, 2 చేరడం ప్రయాణికులు చూసింది అక్కడే. కిటికీలోంచి చూస్తే వేగం తెలిసేది కాదు.

కిటికీలు అరచేతి అంత ఉన్నాయేం?

ఎత్తు వల్ల. కాంకార్డ్ దాదాపు 18 కిలోమీటర్ల ఎత్తున, అంటే 60,000 అడుగుల దాకా ఎగిరేది. మామూలు విమానాలు 11 కిలోమీటర్ల చుట్టూ ఎగురుతాయి. అంత ఎత్తున ఒక కిటికీ పగిలితే లోపలి గాలి బయటికి పోవడం మొదలవుతుంది. రంధ్రం ఎంత చిన్నదైతే గాలి అంత నెమ్మదిగా పోతుంది, ఈలోగా పైలట్లు విమానాన్ని కిందికి దించగలరు. కిటికీ సైజు ఆ లెక్కలోంచి వచ్చింది. తొలి నమూనాల్లో కిటికీలు ఇంతకన్నా పెద్దవి. లె బూర్జేలో రెండు తరాలూ పక్కపక్కనే ఉన్నాయి కనుక తేడా కళ్లతో చూడొచ్చు.

ముక్కు ఎందుకు వంగుతుంది? మ్యూజియంలో వంచి చూపిస్తారా?

కాంకార్డ్ రెక్కకు ఫ్లాప్‌లు, అంటే నెమ్మదిగా పోయేటప్పుడు లేపే బలం పెంచే మడత పలకలు, లేవు. నెమ్మదిగా పోతున్నప్పుడు పైకి లేపే బలం కావాలంటే ముక్కును బాగా ఎత్తి, రెక్కను గాలికి ఎదురు నిలపాలి. అప్పుడు రెక్క ముందు అంచు నుంచి రెండు పెద్ద సుడులు లేచి పైనుంచి దొర్లుతాయి. బరువు మోసేది ఆ సుడులే. దిగేటప్పుడు విమానం సుమారు 11 డిగ్రీలు పైకెత్తి వస్తుంది. ఆ భంగిమలో పొడవాటి ముక్కు అడ్డొచ్చి పైలట్‌కి రన్‌వే కనబడదు. అందుకే ముక్కును కిందికి వంచారు.

స్థానాలు ఇలా ఉంటాయి. వేగంగా ఎగిరేటప్పుడు ముక్కు తిన్నగా, కాక్‌పిట్ అద్దాలను కప్పే వైజర్ అనే తొడుగు పైకి లేచి ఉంటుంది. ముందు వైజర్ ముక్కు లోపలికి దిగాలి, ఆ తర్వాతే ముక్కు వంగుతుంది. నేల మీద నడిచేటప్పుడు, పైకి లేచేటప్పుడు 5 డిగ్రీలు, దిగేటప్పుడు 12.5 డిగ్రీలు. తొలి నమూనాల్లో 17.5 డిగ్రీల దాకా వంగేది. పైగా వాటి వైజర్ లోహపుది, చూడటానికి రెండు చిన్న కిటికీలు మాత్రమే ఉండేవి. ముందువైపు సరిగా కనబడని విమానాన్ని అధికారులు ఒప్పుకోలేదు కనుక, తర్వాత వచ్చినవాటికి అద్దాల వైజర్ పెట్టారు.

కొన్ని మ్యూజియాలు ముక్కును ఇప్పటికీ కదిలిస్తాయి. లె బూర్జేలో ఎఫ్-బీటీఎస్‌డీ, మాంచెస్టర్‌లో జి-బీఓఏసీ, డక్స్‌ఫర్డ్‌లో జి-ఏఎక్స్‌డీఎన్ ఇందుకు పేరుపొందాయి. రోజూ చేయరు. ముక్కు హైడ్రాలిక్ బలంతో, అంటే పైపుల్లోని ద్రవ పీడనంతో కదులుతుంది. విమానంలో ఆకుపచ్చ, నీలం, పసుపు అని మూడు హైడ్రాలిక్ వ్యవస్థలుండేవి, పీడనం 4,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మామూలుగా ఆకుపచ్చది ముక్కును కదిపేది, అది చెడితే పసుపుది. మ్యూజియంలో ఇంజన్లు తిరగవు కనుక నేల మీద పెట్టిన పంపుతో పీడనం ఇవ్వాలి. ఏళ్ల తరబడి పొడిగా ఉన్న రబ్బరు సీళ్లు గట్టిపడి, పీడనం రాగానే కారతాయి. అందుకే దశాబ్దాల పాటు నిలిపి ఉంచిన విమానంలో ముక్కును మళ్లీ కదిలించడం అంటే మీట నొక్కడం కాదు. సీళ్లు మార్చాలి, పైపులు పరీక్షించాలి, కింద మనుషులు లేకుండా చూడాలి.

విమానం వేడికి సాగేదన్నది నిజమేనా? ఆ టోపీ కథేమిటి?

నిజమే. మాక్ 2 దగ్గర ముక్కు కొన 127 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కేది. బయట గాలి మాత్రం సున్నాకి యాభై డిగ్రీలకు పైగా కింద. గాలిని నొక్కడం వల్ల, రాపిడి వల్ల వచ్చిన వేడి అది. ఆ వేడికి విమానం మొత్తం 15 నుంచి 25 సెంటీమీటర్ల దాకా పొడవు పెరిగేది. కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్ ప్యానెల్‌కీ వెనక గోడకీ మధ్య చేయి పట్టేంత సందు ఏర్పడేది. చల్లబడగానే మూసుకుపోయేది. ఆఖరి సూపర్‌సోనిక్ ప్రయాణాల్లో ఇంజనీర్లు తమ టోపీలు ఆ సందులో పెట్టారు. విమానం చల్లబడి సందు మూసుకోగానే టోపీ ఇరుక్కుపోయింది. కాక్‌పిట్‌కి కుడివైపు ప్యానెల్ వెనక చూడండి.

వేగానికి హద్దు పెట్టింది కూడా ఈ వేడే. కాంకార్డ్ శరీరానికి వాడింది హిడుమినియం ఆర్ఆర్58 అనే అల్యూమినియం మిశ్రమం. ఇంకా వేగంగా పోతే వేడికి దాని బలం తగ్గిపోతుంది. టైటానియం, స్టీలు వాడి మాక్ 3కి పోవచ్చు, కానీ ఖర్చు ఆకాశాన్నంటేది. తెల్ల రంగు కూడా అలంకారం కాదు, వేడిని వెనక్కి పంపడానికి. 1996లో ప్రకటన కోసం ఎఫ్-బీటీఎస్‌డీకి నీలం రంగు వేసినప్పుడు మాక్ 2 దగ్గర 20 నిమిషాలకు మించి ఎగరకూడదని ఆంక్ష పెట్టారు.

రెక్కలో ఇంధనం అటూ ఇటూ మార్చేవారట, ఎందుకు?

ధ్వనివేగం దాటగానే రెక్క మీద లేపే బలం పనిచేసే చోటు సుమారు రెండు మీటర్లు వెనక్కి జరుగుతుంది. గురుత్వ కేంద్రం అక్కడే ఉండిపోతే ముక్కు కిందికి దిగిపోతుంది. వేరే విమానంలో అయితే తోక రెక్కతో సర్దుతారు. అలా సర్దితే గాలి నిరోధం పెరుగుతుంది, పైగా కాంకార్డ్‌కి తోక రెక్కే లేదు. అందుకే ముందు ట్యాంకుల నుంచి ఇంధనాన్ని పంపులతో తోకలోని 11వ నంబరు ట్యాంకుకి పంపి బరువునే వెనక్కి జరిపేవారు. దిగేటప్పుడు మళ్లీ ముందుకి. మొత్తం 13 ట్యాంకులు, దాదాపు 95 టన్నుల ఇంధనం. ఇదంతా చూసుకోవడానికే మూడో మనిషి, ఫ్లైట్ ఇంజనీర్ ఉండేవారు. ఆ ఇంధనం ఏసీ గాలినుంచి వేడిని పీల్చుకునే పని కూడా చేసేది.

ఇంజన్ల దగ్గర ఏం గమనించాలి?

ఇంజన్ కన్నా దాని ముందున్న పెట్టెను చూడండి. ఒలింపస్ 593 ఇంజన్ సూపర్‌సోనిక్ గాలిని మింగలేదు. మాక్ 2తో వచ్చే గాలిని దాదాపు మాక్ 0.5 కి తగ్గించి ఇవ్వాలి. ఆ పని ముందున్న దీర్ఘచతురస్రాకారపు ప్రవేశంలోని కదిలే పలకలది. కింద నిలబడి లోపలికి చూస్తే ఆ పలకల అంచులు కనిపిస్తాయి. మాక్ 2 దగ్గర తోపులో 63 శాతం ఈ ప్రవేశం నుంచి, 29 శాతం వెనక నాజిల్ (వేడి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి, ఇంజన్ నుంచి నేరుగా 8 శాతమే వచ్చేది. చాలామంది సందర్శకులు ఈ లెక్క నమ్మరు. గాలి నెమ్మదించినప్పుడు పుట్టే పీడనం ఆ పెట్టె గోడల మీద ముందుకి నెడుతుందని గుర్తుపెట్టుకుంటే అర్థమవుతుంది.

వెనక నాజిల్‌ల ముందు రీహీట్ వలయం ఉంటుంది, అదనంగా ఇంధనం మండించి తోపు పెంచేది అదే. పైకి లేచేటప్పుడు, ఆపైన మాక్ 0.95 నుంచి 1.7 దాకా పెరిగేటప్పుడు మాత్రమే వాడేవారు. ఆ తర్వాత రీహీట్ లేకుండానే మాక్ 2. పోటీగా వచ్చిన సోవియట్ విమానం టీయూ-144 ఓడింది ఇక్కడే.

తోక కింద ఆ చిన్న చక్రాలేమిటి?

ముక్కు అంత పైకెత్తి లేచే, దిగే విమానం తోక నేలకి తగిలితే నాజిల్‌లు చెడతాయి. ఆ దెబ్బ కాయడానికి రెండు చిన్న చక్రాలు పెట్టారు. ముందు రెండు, ప్రధాన కాళ్లకి నాలుగేసి, తోకకి రెండు, మొత్తం 12.

మ్యూజియంలో ఉన్నాక పాడయ్యేది ఏముంటుంది? ఎగరట్లేదు కదా!

ఎగరకపోవడమే సమస్య. ఎగిరే విమానం ఎండుతుంది, వేడెక్కుతుంది, లోపలి తేమ పోతుంది, వారం వారం ఎవరో ఒకరు విప్పి చూస్తారు. నిలిపి ఉంచిన దాంట్లో రాత్రి చల్లదనానికి లోపలి గోడల మీద తడి పేరుకుంటుంది, కింది భాగంలో నీరు చేరుతుంది.

ముందుగా చెడేవి నీటి దారులు. విమానం కడుపు కింద నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ము, ఆకులు పట్టి అవి మూసుకుంటే లోపల నీరు నిలుస్తుంది. అల్యూమినియం పలకకి స్టీలు బోల్టు బిగించిన చోట ఆ తడి చేరితే చిన్న బ్యాటరీ అయినట్టే, అల్యూమినియం తినుకుపోతుంది. పైన పెయింట్ బుడగలా ఉబ్బి కనిపిస్తే, లోపల తెల్ల పొడి రాలుతుంటే, అది తుప్పు పనే. కాబట్టి రంధ్రాలు శుభ్రం చేయడం మొదటి పని, పెయింట్ ఆ తర్వాత. చూడటానికి బాగుండాలని ముందు పైన రంగేసేవాళ్లు తుప్పుని లోపల దాచిపెట్టినట్టే.

తలుపుల, కిటికీల చుట్టూ రబ్బరు ఎండి పగులుతుంది. వాన నీరు లోపలికి దిగి కార్పెట్, సీట్ల కింద తడుస్తుంది. ఇంజన్ ప్రవేశాల్లోకి, చక్రాల గదుల్లోకి పక్షులు దూరతాయి. పక్షి రెట్ట అల్యూమినియాన్ని తింటుంది కనుక వలలు, మూతలు తప్పవు. కడిగేటప్పుడు తటస్థ సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్. ఎక్కువ పీడనంతో నీరు చిమ్మే యంత్రం వాడితే ఆ నీరు అతుకుల్లోకి పోయి మరింత చెరుపు చేస్తుంది.

టైర్లు వేరే గొడవ. సర్వీసులో ఉన్నప్పుడు ప్రధాన టైర్లలో పీడనం 232 పీఎస్‌ఐ, మన కారు టైరుకి దాదాపు ఏడు రెట్లు. జనం తిరిగేచోట ముసలి టైరులో అంత పీడనం ఉంచకూడదు, పగిలితే ప్రాణాంతకం. తగ్గిస్తే బరువుకి కింద అణిగి, ఒకే చోట చదునుగా గట్టిపడిపోతుంది. ఇరుసుల కింద స్టీలు స్టాండ్లు పెట్టి బరువును టైర్ల మీద నుంచి తప్పించడమే సరైన దారి. ఖాళీ విమానమే 78 టన్నులకు పైన కనుక స్టాండ్ల కింద నేల గట్టిదనం కూడా లెక్క చూడాలి. ఇంజన్లు, ఇతర బరువులు తీసేసిన విమానంలో తూకం మారిపోతుంది. వెనక భాగంలో జనం గుంపుగా నిలబడకుండా చూడటం, తోక కింద ఊత పెట్టడం అందుకే.

లోపల పెడితే ఈ బాధలన్నీ తప్పుతాయా?

చాలావరకు. కప్పు ఒక్కటున్నా ఎండ, వాన రెండూ తగ్గుతాయి. మాంచెస్టర్‌లో 2009లో హ్యాంగర్ కట్టారు, బ్రిస్టల్‌లో 2017లో కొత్త భవనంలోకి మార్చారు. సియాటిల్‌లో ఆరుబయట ఉన్నదాన్ని కప్పు కిందకి తెచ్చారు. న్యూయార్క్‌లో జి-బీఓఏడీ హడ్సన్ నది ఒడ్డునే, ఉప్పు గాలిలో ఉంటుంది. దాన్ని 2023 ఆగస్టులో బార్జ్ మీద బ్రూక్లిన్‌కి తీసుకెళ్లి, పాత రంగు తీసి, కొత్తగా వేసి, 2024 మార్చిలో వెనక్కి తెచ్చారు. ఆరుబయట ఉంచితే ఇలాంటి ఖర్చు ఒకసారితో అయిపోదు.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో టీయూ-142 విమానాన్ని చూసినవాళ్లకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. అది సూపర్‌సోనిక్ కాదు, ప్రొపెల్లర్లతో నడిచే నౌకాదళ గస్తీ విమానం. కానీ సముద్రపు గాలిలో అల్యూమినియం పడే కష్టం హడ్సన్ ఒడ్డునైనా ఆర్కే బీచ్‌లోనైనా ఒకటే.

ప్రదర్శనకు పెట్టే ముందు ఏమేం తీసేస్తారు?

మొదట ట్యాంకుల్లో మిగిలిన ఇంధనం, ఆవిరి. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, ఎందుకంటే ఆవిరికి గాలి తోడవుతుంది. తర్వాత ఆక్సిజన్ సీసాలు, హైడ్రాలిక్ అక్యుములేటర్లలో (పీడనాన్ని నిల్వ చేసే సీసాల్లో) నైట్రోజన్ పీడనం, అత్యవసర జారుడు మెట్లను ఉబ్బించే గ్యాసు, మంటలార్పే సీసాల్లోని పేలుడు గుళికలు, బ్యాటరీలు. ఆ కాలపు పెయింట్ కింద పూతలో క్రోమేట్ ఉంటుంది. దాన్ని పొడిగా గీకితే దుమ్ము ఊపిరితిత్తులకి విషం. తడిపి, మాస్కు వేసుకుని మాత్రమే చేయాలి.

లోపలి దీపాలకు గోడ ప్లగ్గు పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. విమానం విద్యుత్తు 400 హెర్ట్జ్, మన ఇళ్లలో 50 హెర్ట్జ్. ప్రత్యేక కన్వర్టర్ కావాలి. చాలా మ్యూజియాలు పాత వైరింగు జోలికి పోకుండా కొత్తగా ఎల్ఈడీ దీపాలు వేరే వైర్లతో వేసుకుంటాయి. అదే మేలు.

అంత పెద్ద విమానాన్ని ఊళ్లోకి ఎలా తెచ్చారు?

వీలైతే ఎగిరే వచ్చింది. డక్స్‌ఫర్డ్‌కి జి-ఏఎక్స్‌డీఎన్ 1977 ఆగస్టులో స్వయంగా దిగింది. కొత్త మోటర్‌వే కోసం అక్కడి రన్‌వే కుదించకముందే రావాలని తొందరపడ్డారు. రన్‌వే లేని చోట్లకి పడవే దిక్కు. జిన్స్‌హైమ్‌కి వెళ్లాల్సిన ఎఫ్-బీవీఎఫ్‌బీ బాడెన్-బాడెన్ దాకా ఎగిరి, అక్కడి నుంచి రైన్ నది మీద బార్జ్‌లో, ఆ తర్వాత రోడ్డు మీద వెళ్లింది.

ఈస్ట్ ఫార్చూన్ విమానం 2000 ఆగస్టు తర్వాత ఎగరలేదు కనుక, 2004లో దాని రెక్కల బయటి భాగాలు, నిలువు తోక విడదీసి థేమ్స్ నది నుంచి సముద్రం మీదుగా స్కాట్లాండ్ చేర్చారు. డెల్టా (త్రికోణాకారపు) రెక్క మధ్య భాగం శరీరంతో కలిసే కట్టారు, మామూలు విమానం రెక్కలా మొదలు దగ్గర బోల్టులు విప్పి తీయడం కుదరదు.

మళ్లీ ఎగరేయలేరా? డబ్బున్నవాళ్లు చాలామంది ఉన్నారుగా?

ఎగరదు. డబ్బొక్కటే అడ్డంకి కాదు. 2003లో ఎయిర్‌బస్ సాంకేతిక మద్దతు ఆపేసింది. తయారీదారు బాధ్యత తీసుకోని విమానానికి ప్రయాణికులతో ఎగిరే అనుమతి రాదు. సర్వీసు ముగిశాక హైడ్రాలిక్ ద్రవాలు వదిలేశారు. సీళ్లు ఎండాయి, తుప్పు ఎక్కడెక్కడుందో తెలియాలంటే మొత్తం విప్పాలి. విడిభాగాలు చేసే యంత్రాలు, పరీక్షా పరికరాలు లేవు. శిక్షణ పొందిన పైలట్లు, ఫ్లైట్ ఇంజనీర్లు విశ్రాంతిలో ఉన్నారు. ఎగరేస్తామని ప్రకటనలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ముక్కు వంచి చూపించడం వరకు నమ్మొచ్చు.

గోనెస్ ప్రమాదానికి కారణం విమానం లోపమేనా?

రన్‌వే మీద వేరే విమానం నుంచి పడిన టైటానియం పట్టీ టైరును కోసింది. దాదాపు నాలుగున్నర కిలోల టైరు ముక్క రెక్క కింద తగిలింది. ఆ దెబ్బకి నిండుగా ఉన్న 5వ ట్యాంకులో పీడన తరంగం పుట్టి ట్యాంకు లోపలి నుంచే బద్దలైంది, కారిన ఇంధనానికి నిప్పంటుకుంది. విమానంలో 109 మంది, నేల మీద నలుగురు చనిపోయారు. టైర్లు పగిలి రెక్కకు దెబ్బ తగలడం అంతకుముందే జరిగింది కనుక విమానం తప్పేమీ లేదనలేం. ఆ తర్వాత ట్యాంకులకి కెవ్లార్ అనే గట్టి నార పొరలు, పగిలినా పెద్ద ముక్కలు కాని మిషెలిన్ టైర్లు పెట్టారు. 2001 నవంబరులో మళ్లీ ప్రయాణికులతో ఎగిరింది. హీత్రో, ఈస్ట్ ఫార్చూన్‌లలో ఉన్న రెండింటికీ ఈ మార్పులు జరగలేదు.

సోవియట్ టీయూ-144ని ఎక్కడ చూడొచ్చు?

రష్యా బయట ఒక్క జిన్స్‌హైమ్‌లోనే. కాంకార్డ్ పక్కనే, రెండూ భవనం పైన ఎగిరే భంగిమలో, ముక్కులు పైకెత్తి ఉంటాయి. రెండిటి లోపలికీ ఎక్కొచ్చు. వంపుగా ఉన్న నేల మీద నడవాలి కనుక మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. టీయూ-144 ముందుగా, 1968 డిసెంబరు 31న ఎగిరింది. కాంకార్డ్ 1969 మార్చి 2న. కాక్‌పిట్ వెనక రెండు చిన్న మడత రెక్కలు చూడగానే తేడా తెలుస్తుంది, నెమ్మదిగా పోయేటప్పుడు ముక్కు లేపడానికవి. దాని ఎన్‌కే-144 ఇంజన్లు రీహీట్ ఆపితే మాక్ 2 నిలబెట్టలేకపోయేవి. ఇంధనం తాగేసేది, లోపల చప్పుడు భరించలేనంత. ప్రయాణికులతో తిరిగింది మాస్కో, అల్మా-అతా మధ్య 55 సార్లే.

కాంకార్డ్‌కీ ఇండియాకీ సంబంధం ఏమైనా ఉందా?

ఎయిర్ ఇండియా ఒకప్పుడు రెండు కాంకార్డ్‌లకు కొనుగోలు హక్కు తీసుకుంది, కానీ కొనలేదు. లండన్ నుంచి బహ్రెయిన్ మీదుగా సింగపూర్‌కి నడిచిన సర్వీసుకి భారత గగనతలంలో సూపర్‌సోనిక్ వేగానికి అనుమతి దొరకలేదు. ఆ సర్వీసు 1980లో ఆగిపోయింది. ఎడమవైపు సింగపూర్ ఎయిర్‌లైన్స్ రంగులతో ఆ దారిలో తిరిగిన విమానమే ఇప్పుడు న్యూయార్క్‌లో ఉన్న జి-బీఓఏడీ.

అనుమతి ఎందుకివ్వలేదని కొందరు విసుక్కుంటారు. మాక్ 2 అంటే నిమిషానికి దాదాపు 36 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఏడు నిమిషాలు. ఆ దారి పొడవునా కిటికీలు అదిరేంత మోత వెనకే వస్తుంది. సముద్రాల మీదే తప్ప జనావాసాల మీద అంత వేగంతో పోనివ్వకపోవడంలో వింతేమీ లేదు.

ఫొటోలు ఎలా తీస్తే బాగుంటాయి?

మొత్తం విమానం ఒక్క ఫ్రేములో పట్టాలంటే వైడ్ లెన్సు కావాలి, లేదా పై నడవా ఎక్కాలి. ఉద్వర్-హేజీలో పైనుంచి రెక్క ఆకారం బాగా కనిపిస్తుంది. కింది నుంచి తీస్తే ముక్కు పెద్దదై, వెనక భాగం మాయమవుతుంది. కాక్‌పిట్ అద్దం ముందు ఫ్లాష్ ఆపి, లెన్సును అద్దానికి ఆనించండి. ట్రైపాడ్ చాలాచోట్ల ఒప్పుకోరు.

పెద్దవాళ్లు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు ఎక్కగలరా?

మెట్లెక్కాలి, నడవా ఇరుకు. మామూలు వీల్‌చైర్ లోపల తిరగదు. కొన్ని మ్యూజియాల్లో తలుపు దాకా లిఫ్టు ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోండి.

ఒక్కటే చూసే అవకాశముంటే ఏది చూడమంటారు?

లె బూర్జే. 1973 జూన్ 30న సూర్యగ్రహణం వెంట పరుగెత్తి 74 నిమిషాల పాటు చంద్రుడి నీడలోనే ఎగిరిన ఫ్రెంచ్ తొలి నమూనా 001 అక్కడే ఉంది. గ్రహణం కోసం దాని పైకప్పుకి పెట్టిన కిటికీలు ఇప్పటికీ కనిపిస్తాయి. పక్కనే సర్వీసు విమానం ఎఫ్-బీటీఎస్‌డీ. తొలి నమూనా పొడవు 51.8 మీటర్లు. ముందు దాని ముక్కు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచి, తర్వాత రెండోదాని పక్కన అలాగే నడవండి. కిటికీలు, వైజర్, తోక కొన, ఇంజన్ ప్రవేశాలు అన్నిట్లో తేడాలు దొరుకుతాయి. కనీసం రెండు గంటలు ఉంచుకోండి, ముందు బయట తిరిగి ఆ తర్వాతే లోపలికి ఎక్కండి.